లేవనంటున్న కంప్యూటరు

వేసవి సెలవులు అయిపోయి లాబరేటరీ తలుపులు తీసిన మొదటి రోజున మా కెమిస్ట్రీ శాఖలో చిన్న ప్రళయం వచ్చింది. మూలనున్న పాత కంప్యూటరు లేవలేదు. మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, విండోస్ బొమ్మ ఒక్క క్షణం కనపడింది, తళుక్కున నీలిరంగు మెరిసింది, కథ మళ్లీ మొదటికి వచ్చింది. ఎన్నిసార్లు నొక్కినా అదే తంతు.

పోతే పోయింది, పాత డబ్బాయే కదా అని మీరనవచ్చు. ఆ మాట మాతో చాలామంది అన్నారు కూడా. కాని ఆ డబ్బాకి ఒక స్పెక్ట్రోఫోటోమీటరు తగిలించి ఉంది. ఆ పరికరాన్ని నడిపించే ప్రోగ్రాము విండోస్ ఎక్స్‌పీ మీద తప్ప మరి దేనిమీదా నడవదు. అదీగాక, చుట్టుపక్కల ఊళ్ల బావుల నీళ్లు సీసాల్లో తెచ్చి మా సీనియర్లు ఏటేటా పరీక్షించిన ఫలితాలన్నీ అందులోనే ఉన్నాయి. ఏ ఊరి నీళ్లలో ఫ్లోరైడు ఎంత, ఏ ఏడు పెరిగింది, ఏ ఏడు తగ్గింది - అన్నీ. వాటికి రెండో ప్రతి లేదు. తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను.

బజారు నుంచి వచ్చిన మెకానిక్ ఐదు నిమిషాలు చూసి, "హార్డ్ డిస్కు పోయిందండీ. ఫార్మాట్ కొట్టి చూద్దాం. అప్పటికీ లేవకపోతే కొత్తది కొనేయండి" అన్నాడు. ఫార్మాట్ కొడితే లెక్కలు గల్లంతే. మా మేష్టారు ఒప్పుకోలేదు. "ఎక్కడ ఆగిందో తెలియకుండా మందు వేస్తారుటయ్యా?" అని అడిగారు. ఈ వ్యాసం ఆ ప్రశ్నలోంచి పుట్టింది. కంప్యూటరు లేవకపోవడం ఒక జబ్బు కాదు, చాలా జబ్బులకు పైకి కనిపించే ఒకే లక్షణం. ఎక్కడ ఆగిందో కనిపెడితే సగం వైద్యం అయిపోయినట్టే.

బూటింగ్ అంటే ఏమిటి?

బూటు వెనక పట్టుకుని లాక్కోవడానికి ఉండే పట్టీని ఇంగ్లీషులో బూట్‌స్ట్రాప్ అంటారు. తన బూటు పట్టీ తానే పట్టుకుని తనను తాను పైకి ఎత్తుకోవడమనే అసాధ్యమైన పనిని బట్టి 'బూటింగ్' అనే మాట వచ్చింది. కంప్యూటరు పరిస్థితి కూడా ఇంచుమించు అలాంటిదే. ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు మీద ఉంటుంది. దాన్ని మెమరీలోకి తేవాలంటే మరో ప్రోగ్రాము కావాలి. ఆ ప్రోగ్రామునెవరు తేవాలి? విత్తు ముందా, చెట్టు ముందా?

ఈ చిక్కు విప్పడానికి ఇంజనీర్లు పనిని మజిలీలుగా విడగొట్టారు. పూర్వం టపా మోసేవాళ్లు ఉత్తరాల సంచి భుజాన వేసుకుని ఒక మజిలీ దాకా పరుగెత్తి, అక్కడ కాచుకుని ఉన్న మరొకడికి అందించేవారు. ప్రతివాడికీ తన దారి మటుకే తెలుసు. అతను ఇంకొకడికి, ఇంకొకడు మరొకడికి. సంచి ఊరు చేరకపోతే దారి పొడుగునా అందర్నీ పనిలోంచి తీసేయరు కదా, ఏ మజిలీలో ఆగిందో కనుక్కుంటారు. కంప్యూటరు విషయంలోనూ అంతే.

1981లో ఐ.బి.ఎం. కంపెనీ పర్సనల్ కంప్యూటరు విడుదల చేసిన నాటినుంచి సుమారు 2010 దాకా తయారైన ఈ జాతి యంత్రాల్లో చాలావాటికి దారి ఒక్కటే. కరెంటు, స్వయం తనిఖీ, సెట్టింగులు, బూట్ సెక్టరు, లోడరు, కెర్నెల్ - ఇవీ ఆరు మజిలీలు. తరువాతి యంత్రాల్లో యు.ఇ.ఎఫ్.ఐ. అనే కొత్త పద్ధతి వచ్చింది. మన స్టోరు రూముల్లో మూలుగుతున్నవి ఎక్కువగా పాతదారివే కనుక ఆ దారినే నడుద్దాం.

మొదటి మజిలీ: కరెంటు

మీట నొక్కినా ఫ్యాను తిరక్క, దీపం వెలక్కపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తిట్టి లాభం లేదు. ముందు ప్లగ్గు, తరువాత తీగ, ఆ తరువాత ఎస్.ఎం.పి.ఎస్. అనే కరెంటు పెట్టె. పక్క యంత్రం తీగ పీకి దీనికి పెట్టి చూడడం అన్నిటికన్నా చవకైన పరీక్ష. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రం దయచేసి ఎవరూ విప్పకండి. ప్లగ్గు తీసేశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

మదర్ బోర్డు మీద కూడా చిన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లుంటాయి. వాటి తల చదునుగా ఉండాలి. ఉబ్బినా, పైన గోధుమరంగు జిగురు కనపడినా అవి పోయినట్టే. 2000 ప్రాంతాల్లో తయారైన చాలా బోర్డులకు ఈ రోగం ప్రపంచమంతటా వచ్చింది. లోపలి ఎలక్ట్రొలైట్ నాసిరకందైతే అల్యూమినియంతో నీరు చర్య జరిపి హైడ్రోజన్ పుడుతుంది, ఆ వాయువు డబ్బాను ఉబ్బిస్తుంది. మనం క్లాసులో చదివిన రసాయనశాస్త్రమే!

రెండవ మజిలీ: స్వయం తనిఖీ

కరెంటు అందగానే ప్రాసెసరు బయాస్ అనే చిప్‌లో శాశ్వతంగా రాసి ఉన్న ప్రోగ్రామును మొదలుపెడుతుంది. మెమరీ ఉందా, బొమ్మ చూపించే కార్డు ఉందా, కీబోర్డు ఉందా అని బయాస్ వరసగా హాజరు పిలుస్తుంది. అందరూ పలికితే చాలా యంత్రాలు ఒక్కసారి పొట్టిగా 'బీప్' మంటాయి. ఎవరైనా పలక్కపోతే తెర మీద చెప్పడానికి వీలుండకపోవచ్చు, తెరే ఇంకా లేవలేదు కదా. అంచేత బీప్‌ల లెక్కతో చెబుతుంది. ఈ భాష కంపెనీకొక రకం. బోర్డు తాలూకు పుస్తకం చూసుకోవడం మేలు. అయితే ఆగి ఆగి పొడుగ్గా కూస్తూనే ఉంటే మటుకు ముందు అనుమానించవలసింది మెమరీని.

దీనికి మన బజారు మెకానిక్కులందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది. ప్లగ్గు తీసేసి, చేత్తో ఇనప పెట్టెను ఒకసారి ముట్టుకుని ఒంట్లోని స్థిరవిద్యుత్తు వదిలించుకుని, ర్యామ్ పలకను ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, మళ్లీ క్లిక్కుమనేదాకా నొక్కాలి. నవ్వకండి. దుమ్మూ తేమా ఎక్కువైన మన లాబుల్లో సగం 'చచ్చిపోయిన' కంప్యూటర్లు ఈ ఒక్క చికిత్సతో లేచి కూర్చోవడం నేను కళ్లారా చూశాను. రెండు పలకలుంటే ఒక్కొక్కటే పెట్టి చూస్తే దోషి ఎవరో తేలుతుంది.

మూడవ మజిలీ: రూపాయి బిళ్లంత బ్యాటరీ

బయాస్‌కు గడియారం కావాలి. ఏ డిస్కులున్నాయి, ముందు దేన్ని చూడాలి అన్న సెట్టింగులూ గుర్తుండాలి. 1984లో వచ్చిన ఐ.బి.ఎం. ఏ.టి. కంప్యూటరు నుంచి ఇవి సిమాస్ అనే చిన్న మెమరీలో ఉంటున్నాయి. కరెంటు లేనప్పుడు ఆ మెమరీకి ప్రాణం ఒక బ్యాటరీయే. చాలా బోర్డుల్లో అది సి.ఆర్. 2032 అనే 3 వోల్టుల బిళ్ల. అంకెల అర్థం సులువే: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు.

బిళ్ల నీరసించిందనడానికి మొదటి గుర్తు గడియారం వెనకబడడం. తరువాత తేదీ ఎప్పటిదో పాతకాలానికి పోతుంది. 'సిమాస్ చెక్‌సమ్ ఎర్రర్' అని తెర మీద పడుతుంది. అప్పుడు బయాస్ మనం పెట్టుకున్న సెట్టింగులన్నీ మరచిపోయి, ఫ్యాక్టరీలో పుట్టినప్పటి సెట్టింగులకు పోతుంది. తేదీ తప్పితే మనం సరిచేసి ఊరుకుంటాం. దానితోపాటు ఇంకేం మారాయో చూడం. ఈ మాట గుర్తుంచుకోండి, మా కథలో మళ్లీ వస్తుంది.

నాలుగవ మజిలీ: 512 బైట్లు

తనిఖీ అయ్యాక బయాస్ డిస్కు మీద మొట్టమొదటి సెక్టరును మెమరీలోకి తెస్తుంది. దాని కొలత 512 బైట్లు, అంటే ఈ పేజీలో నాలుగైదు వాక్యాలకైనా చాలనంత. అందులో 446 బైట్లు ప్రోగ్రాము, 64 బైట్లు డిస్కును ఎన్ని భాగాలు చేశామో చెప్పే పట్టిక, చివరి రెండు బైట్లు ముద్ర. ఆ ముద్ర లేకపోతే చాలా బయాస్‌లు సంచి అందించవు.

ఇక్కడ ఆగితే వచ్చే మాటలు శ్రద్ధగా చదవాలి. 'నాన్ సిస్టమ్ డిస్క్' అంటే, డిస్కు చదవగలిగాను గాని అందులో లేపడానికేమీ లేదని. ఫ్లాపీల రోజుల్లో ఎవరో ఫ్లాపీ మరచిపోయి వెళ్లేవారు. ఇప్పుడు పెన్ డ్రైవు మరచిపోతున్నారు. తీసేస్తే సరి! ఎన్ని గంటలు ఈ పాటి దానికి వృథా అయ్యాయో దేవుడికెరుక. 'మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్' అంటే డిస్కు దొరికింది, మొదటి సెక్టరు పని మొదలుపెట్టింది, దానికి ముందుదారి దొరకలేదు అని. 'నో బూటబుల్ డివైస్' లాంటి మాట బయాస్‌ది: లేపదగిన డిస్కే నాకు దొరకలేదంటోంది. అప్పుడు డిస్కు తీగలు ఊడదీసి మళ్లీ పెట్టాలి. పాత వెడల్పు రిబ్బను తీగలైతే ఒకే తీగ మీది రెండు డిస్కుల్లో ఏది మాస్టరు, ఏది స్లేవు అని చెప్పే చిన్న జంపర్లు సరిగ్గా ఉన్నాయా చూడాలి.

పాత యంత్రాల్లో మరో చిక్కు: పెన్ డ్రైవు నుంచి లేవడం వాటికి రాకపోవచ్చు. సీడీ నుంచి లేవడానికి 1995లో ప్రమాణం వచ్చింది కనుక, పెన్ డ్రైవుతో పని కాకపోతే సీడీ రాసుకోవాలి. "నా పెన్ డ్రైవు అన్నిటికీ పనిచేస్తోంది, దీనికే చేయడం లేదు" అంటే తప్పు డ్రైవుది కాకపోవచ్చు.

అయిదవ మజిలీ: లోడరు

446 బైట్లలో ఎంత పని పడుతుంది? అంచేత అది తనకన్నా పెద్దదైన లోడరును పిలుస్తుంది. విండోస్ ఎక్స్‌పీలో దాని పేరు ఎన్‌టి లోడర్. 'ఎన్‌టి ఎల్‌డిఆర్ ఈజ్ మిస్సింగ్' అనే పేరుపడ్డ వాక్యం ఈ మజిలీదే.

లోడర్లలో నాకు ముచ్చటైనది లినక్స్‌లో ఒకప్పుడు అందరూ వాడిన లిలో. అది తన పేరులోని నాలుగక్షరాలు ఎల్, ఐ, ఎల్, ఓ - ఒక్కొక్క అడుగు పూర్తయినప్పుడల్లా ఒక్కొక్కటిగా తెర మీద వేసేది. 'ఎల్ ఐ' దగ్గర ఆగిందంటే రెండో భాగాన్ని తేగలిగాను గాని నడపలేకపోయానని. 'ఎల్ ఐ ఎల్' దగ్గర ఆగితే రెండో భాగం మొదలైంది, తనకు కావలసిన పట్టికను చదవలేకపోయింది. పేరు పూర్తయితే అంతా క్షేమం. ఎక్కడ ఆగిందో యంత్రమే చెప్పడమంటే ఇదీ! లిలో అభివృద్ధి 2015తో ఆగిపోయింది గాని, దాని నుంచి నేర్చుకోవలసింది మిగిలే ఉంది.

ఇక్కడే పాత బయాస్‌ల చూపు పరిమితి కూడా బయటపడుతుంది. లోడరుకు సొంత చేతులు లేవు. డిస్కు చదవాలంటే బయాస్ చేతులే అరువు తెచ్చుకోవాలి. తొలినాటి పద్ధతిలో బయాస్ 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టర్లకు మించి లెక్కపెట్టలేకపోయేది. గుణించి చూడండి: సుమారు 528 మెగాబైట్లు. తరువాత హెడ్ల లెక్క పెంచితే 8.4 గిగాబైట్లయింది. ఆ తరువాతి గోడ 137 గిగాబైట్లు. అందుకే పాత బోర్డుకు పెద్ద డిస్కు తగిలిస్తే చిత్రమైన తమాషా జరుగుతుంది. నెలల తరబడి చక్కగా లేచిన లినక్స్, కొత్త కెర్నెల్ వేసిన మర్నాడు లేవదు. కెర్నెల్ తప్పేం లేదు. ఆ ఫైలు డిస్కు మీద గోడకు అవతల పడింది, బయాస్ చేయి అందలేదు, అంతే. డిస్కు మొదట్లోనే బూట్ ఫైళ్లకు చిన్న భాగం విడిగా కేటాయించడం దీనికి మందు.

ఆరవ మజిలీ: కెర్నెల్

చివరి మజిలీలో ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ మేల్కొంటుంది. ఇక్కడి తగాదాలు ఎక్కువగా పాత యంత్రానికీ కొత్త సిస్టమ్‌కీ మధ్యవి. 64 బిట్ సీడీ తెచ్చి 32 బిట్ ప్రాసెసరుకు పెడితే, ఈ కెర్నెల్‌కు తగిన ప్రాసెసరు ఇది కాదని లినక్స్ మర్యాదగానే చెప్పి ఆగిపోతుంది. 32 బిట్ లినక్స్‌లు కూడా తగ్గిపోతున్నాయి. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13 తో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలరు ఇవ్వడం మానేశారు. కనుక అలాంటి యంత్రానికి ఏ వెర్షను తగినదో ముందే చూసుకోవాలి. అక్షరాలు గబగబా పరుగెత్తి ఒక్కసారి తెర నల్లబడితే, తరచు కారణం బొమ్మల కార్డు. లోడరు వరసలో 'నోమోడ్‌సెట్' అన్న మాట చేర్చి చూస్తే తెర తిరిగి రావచ్చు.

ఇక అసలైన మలుపు ఇది. అయిదవ మజిలీ దాకా అందరూ బయాస్ చేతులతోనే డిస్కు చదివారు. కెర్నెల్ మాత్రం లేవగానే ఆ చేతులు వదిలేసి తన సొంత డ్రైవరుతో డిస్కును పట్టుకుంటుంది. ఆ డ్రైవరుకూ, డిస్కు కంట్రోలరు అప్పుడు మాట్లాడుతున్న భాషకూ పొత్తు కుదరకపోతే? తాను ఏ డిస్కు మీంచి వచ్చిందో ఆ డిస్కే కెర్నెల్‌కు కనపడదు! విండోస్‌లో దీని గుర్తు నీలి తెర, దాని మీద చివర 7బి అని ఉండే సంఖ్య.

మా కంప్యూటరు కథ

మేష్టారు చేయించిన మొదటి పని మరమ్మతు కాదు, నకలు. డిస్కును ముట్టుకోకుండా సీడీ మీంచే నడిచే లినక్స్‌ను పెట్టాం. లేచింది. డిస్కు తెరిస్తే బావి నీళ్ల లెక్కలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ముందు వాటిని రెండు పెన్ డ్రైవుల్లోకి ఎక్కించాం. "డిస్కు పోయింది" అన్న మాట అబద్ధమని ఆ క్షణమే తేలిపోయింది. ఒకవేళ డిస్కులోంచి టకటక చప్పుడొస్తూ ఉంటే మళ్లీ మళ్లీ మీట నొక్కడం కూడా ప్రమాదమే. ఒక్కొక్క ప్రయత్నంతో మిగిలినది కూడా పోవచ్చు.

తరువాత ఎఫ్8 నొక్కి, తప్పు వస్తే తనంతట తాను మళ్లీ మొదలుకావద్దని చెప్పాం. అప్పుడు నీలి తెర నిలబడింది. చివర 7బి! అంటే అయిదు మజిలీలు దాటి ఆరవదాని గుమ్మంలో పడిందన్నమాట. కాని ఎందుకు? సెలవుల్లో దాన్ని ముట్టుకున్నవాడే లేడు కదా.

జవాబు మా లాబ్ అటెండరు బాబాయ్ దగ్గర దొరికింది. "సెలవులకి ముందునుంచే దాని గడియారం రోజూ వెనకపడేది బాబూ. పొద్దున్నే నేనే సరిచేసేవాణ్ణి" అన్నాడు. ఆ మాట అంతకుముందు ఎవరూ ఆయన్నడగలేదు!

సెటప్ తెరిచాం. తేదీ 2009 జనవరి 1. అసలు జరిగిందేమిటంటే - ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం బోర్డు ఆ కరెంటుతోనే సెట్టింగులు కాపాడుకుంటూ వచ్చింది. సెలవులకు మెయిన్ స్విచ్చి కట్టేశాం. నీరసించిన బిళ్ల కాస్తా ఆ ఎండల్లో ప్రాణం వదిలింది. బయాస్ పుట్టినప్పటి సెట్టింగులకు పోయింది. విండోస్ ఎక్స్‌పీకి డిస్కు కంట్రోలరు తాలూకు కొత్త పద్ధతి, అంటే ఏ.హెచ్.సి.ఐ., పుట్టుకతో తెలియదు. అందుకే మొదట సిస్టమ్ వేసినవాళ్లెవరో తెలివిగా పాత ఐ.డి.ఇ. పద్ధతికి మార్చారు. బిళ్ల పోగానే అది మళ్లీ ఏ.హెచ్.సి.ఐ. అయి కూర్చుంది. మూడవ మజిలీలో పడ్డ దెబ్బ ఆరవ మజిలీలో బయటపడింది.

ఆ ఒక్క మాట ఐ.డి.ఇ. అని మార్చి, కొత్త బిళ్ల పెట్టి మీట నొక్కాం. ఎక్స్‌పీ హాయిగా లేచింది. స్పెక్ట్రోఫోటోమీటరు పలికింది. అయిన ఖర్చు రెండు ప్లేట్ల ఇడ్లీ ఖరీదు.

చివరిమాట

మిత్రులారా, ఇది పాత కంప్యూటరును నెత్తిన పెట్టుకోమని చెప్పడం కాదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8 తో ముగిసింది. అలాంటి యంత్రాన్ని ఇంటర్నెట్‌కు తగిలించకుండా దాని పనికే పరిమితం చేయాలి. విండోస్ 10 కి కూడా మామూలు మద్దతు 2025 అక్టోబరు 14 తో అయిపోయింది. విండోస్ 11 కి టి.పి.ఎం. 2.0 అనే రక్షణ చిప్ కావాలన్న నియమం వల్ల, బాగా పనిచేస్తున్న ఎన్నో యంత్రాలు ఒక్క దెబ్బతో 'పాతవి' అయిపోయాయి. వాటిలో చాలావాటి మీద లినక్స్ వేసుకుంటే చదువుకూ రాతకూ ఇంకా కొన్నేళ్లు పనికొస్తాయి. పారేస్తే మిగిలేది సీసం కలిసిన చెత్త, అది చేరేది ఏ బావి నీళ్లలోకో!

మా లాబులో ఇప్పుడు మూడు మార్పులు వచ్చాయి. సెటప్‌లోని సెట్టింగులన్నీ ఒక అట్ట మీద రాసి కంప్యూటరు పెట్టెకు అంటించాం. బావి నీళ్ల లెక్కలకు వారం వారం రెండో ప్రతి తీస్తున్నాం. మూడోది, ఏ యంత్రం మొరాయించినా ముందు అటెండరు బాబాయ్‌ని అడుగుతున్నాం.

మన కాలేజీ స్టోరు రూములో దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి. వేలానికి పోకముందే ఒక్కొక్కదాన్నీ మజిలీ మజిలీగా చూద్దామని మా ఉద్దేశం. ఆసక్తి ఉన్నవాళ్లు శనివారం సాయంత్రం లాబుకు రండి. వచ్చేటప్పుడు ఒక పెన్సిల్ రబ్బరు తెచ్చుకోవడం మరచిపోకండి.